వెంచర్ కంటే ముందే వాన గీసిన గీతలు

వేసవిలో ప్లాటు చూడటానికి వెళ్లినవాళ్లకు చెరువు కనిపించదు. ఏప్రిల్ ఎండకు నేల నెర్రెలిచ్చి ఉంటుంది. తుమ్మచెట్ల మధ్య గేదెలు మేస్తుంటాయి. తెల్లసున్నంతో గీసిన గీతలు, సిమెంటు హద్దురాళ్లు, దారి పొడవునా రంగుల జెండాలు. ఇల్లు కట్టుకోవడానికి ఇంతకంటే చదునైన నేల ఎక్కడ దొరుకుతుంది అనిపిస్తుంది. ఆ చదునే అసలు గుర్తు. గుట్టలు, బండలు, మిట్టపల్లాలతో నిండిన దక్కన్ పీఠభూమి మీద ఒకచోట నేల అంత సమంగా ఉందంటే, అక్కడ ఏళ్ల తరబడి నీళ్లు నిలిచి ఒండ్రు పేరుకుని ఉండవచ్చని అనుమానించాలి. తెలంగాణ రైతులు అలాంటి చెరువు గర్భాన్ని శిఖం అంటారు.

2020 అక్టోబరు 13న హైదరాబాద్ మీద కుండపోత కురిసింది. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి, దిగువనున్న కాలనీలు మునిగాయి. టోలిచౌకి దగ్గర షా హాతిం చెరువును ఆనుకున్న నదీం కాలనీలో రోజుల తరబడి నీళ్లు తగ్గలేదు. నాలుగేళ్లకు, 2024 సెప్టెంబరు మొదట్లో, బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. రెండు చోట్లా నీరు కొత్త దారి వెతుక్కోలేదు. పాత దారినే వచ్చింది. ఆ దారిలో ఈలోగా ఇళ్లు లేచాయి.

పర్యావరణహిత గృహనిర్మాణం అనగానే మనకు మిద్దె మీద సోలార్ పలకలు, ఎల్‌ఈడీ దీపాలు, గేటు పక్కన నాటిన మొక్కలు గుర్తుకొస్తాయి. అవన్నీ కావలసినవే. కానీ ఒక కాలనీ ప్రకృతికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది చాలావరకు పునాది తవ్వకముందే, లేఅవుట్ కాగితం మీద గీతలు గీసేటప్పుడే తేలిపోతుంది. ప్లాటుగా మారకముందు ఆ నేల ఏదో ఒక పని చేస్తూ ఉండేది. వాననీటిని పట్టేది, ఇంకించేది, దిగువకు పంపేది, వేడిని తగ్గించేది. ఇళ్లు వచ్చాక కూడా ఆ పని సాగేలా చూడటమే సుస్థిర నిర్మాణం.

గొలుసు తెగితే

కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో చెరువులను విడివిడిగా కాక గొలుసుకట్టుగా తవ్వుతూ వచ్చారు. ఎగువ చెరువు నిండితే అలుగు దూకిన నీరు వాగులో పడి కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే ఇంకా కిందికి. ఆయకట్టుకు నీళ్లు వదలడానికి తూము, అదనపు నీరు పోవడానికి అలుగు, నీటిని ఆపడానికి కట్ట. ఈ మూడింటితో ఒక చెరువు అయితే, చెరువుకూ చెరువుకూ మధ్య ఉండే వాగుతో అది గొలుసు అవుతుంది. ఇవాళ నగరంలో మనం నాలా అని ముక్కు మూసుకునేవాటిలో చాలా భాగం ఒకప్పటి ఆ వాగులే.

నీరు అలుగు మట్టానికి చేరినప్పుడు చెరువు ఎంత మేర పరుచుకుంటుందో ఆ అంచును ఎఫ్‌టీఎల్ అంటారు. మన చెరువులు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. వంద అడుగులకు అర అడుగు వాలున్న నేల మీద నీటిమట్టం ఒక్క అడుగు పెరిగితే అంచు 200 అడుగులు ముందుకు జరుగుతుంది. వేసవిలో నడిమధ్య నాలుగు గుంటల నీళ్లుండే చెరువు భాద్రపదంలో ఎకరాలకు ఎకరాలు కమ్మేయడానికి కారణం ఇదే. అందుకే 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు ఎఫ్‌టీఎల్ అవతల కూడా కొంత నేలను ఖాళీగా వదలమన్నాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. ఈ బఫర్‌ను చాలామంది స్థలం నష్టంగా చూస్తారు. ఒక్క అడుగు మట్టానికి నీరు ఎంత దూరం పాకుతుందో లెక్కవేసినవాళ్లకు అది కనీస జాగ్రత్త అని అర్థమవుతుంది.

గొలుసులో ఒక కొక్కెం ఊడితే ఏమవుతుందో హైదరాబాద్ 1908 సెప్టెంబరు 28న చూసింది. మూసీ వరదలో వేలమంది ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని గుర్తించారు. ఒక కట్ట తెగితే ఆ నీరంతా కింది కట్ట మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఆయన సూచన మేరకే వరదను ఎగువనే ఆపడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దానిలో కలిసే ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే ఆ తర్వాత నగరానికి తాగునీరూ ఇచ్చాయి.

ఆ రెండు జలాశయాలకు నీరు వచ్చే నేలను కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను, కాలుష్య పరిశ్రమలను అది నిలువరించింది. ఆ ప్రాంతంలో ఒక నూనెల పరిశ్రమకు అనుమతి విషయమై నడిచిన కేసులో 2000లో సుప్రీంకోర్టు కూడా జలాశయాల రక్షణ వైపే నిలబడింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ఆ ఆంక్షలను ఎత్తివేసే నిర్ణయం జరిగింది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చెరువు గర్భంలో ఇల్లు కడితే ఇల్లు మునుగుతుంది. పరీవాహకమంతా ఇళ్లు కడితే చెరువు ఎండుతుంది, లేదా మురుగుతో నిండుతుంది. రెండో నష్టం కంటికి కనబడటానికి పదేళ్లు పట్టవచ్చు. అంతమాత్రాన అది చిన్నదైపోదు.

సెల్లార్ గోడ చదవడం

నేల కింద ఏముందో తెలుసుకోవాలంటే పరికరాలు అక్కర్లేదు. కొండాపూర్ వైపో, కోకాపేట వైపో సెల్లార్ కోసం తవ్విన గొయ్యి అంచున నిలబడి దాని గోడను చూస్తే చాలు. అన్నిటికంటే పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, వేర్లు. దాని కింద పసుపు, గోధుమ రంగు కలిసిన మొరం. చేత్తో నలిపితే ఇసుకలా రాలుతుంది కానీ, దానిలో ఇంకా రాయి పోలిక ఉంటుంది. అది కుళ్లిన గ్రానైట్. ఇంకా కిందికి పోతే అడ్డంగా, వాలుగా పగుళ్లు పారిన బండ. ఆ పగుళ్ల దగ్గర గోడ చెమ్మగా మెరుస్తుంది, కొన్నిచోట్ల సన్నగా నీరు కారుతుంది. అట్టడుగున పగులన్నది లేని నల్లబండ, పొడిగా.

హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఏళ్లపాటు ఈ పొరలను పరిశీలించింది. తేలిందేమిటంటే, నీళ్లుండేది ప్రధానంగా పైనున్న మొరంలోనూ, దాని కిందనున్న పగుళ్ల బండలోనూ. రెండూ కలిపి 30, 40 మీటర్లు దాటవు. ఆ కిందికి పోయేకొద్దీ నీరు పారే పగుళ్లు తగ్గిపోతాయి. మరి వెయ్యి అడుగుల బోర్లలో నీళ్లు ఎక్కడివి? చాలాచోట్ల పైపొర నుంచి ఏదో ఒక పగులు వెంట జారినవే. తొట్టి పైన ఉంది, బోరు దానికి బిగించిన కుళాయి మాత్రమే. కుళాయి గొట్టం ఎంత పొడవు పెంచినా తొట్టి పెద్దదవదు.

ఆ తొట్టి కూడా చిన్నదే. ఈ రాతి నేల తనలోంచి వదిలే నీరు నూటికి ఒకటి రెండు పాళ్లే. అంటే మీటరు మందం నేల నుంచి మనకు దక్కేది ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు. దీనిలో ఒక దుర్వార్త, ఒక శుభవార్త ఉన్నాయి. కొద్దిగా తోడితేనే నీటిమట్టం మీటర్ల కొద్దీ దిగిపోతుంది. అలాగే, సెంటీమీటరు వాన పూర్తిగా ఇంకిందా, మట్టం అర మీటరు నుంచి మీటరు దాకా లేస్తుంది. ఇంకించే ప్రతి చుక్కకూ ఇంత వెంటనే ఫలితం చూపే నేల ఇది.

ఇప్పుడు మళ్లీ ఆ గొయ్యి వైపు చూద్దాం. మూడు, నాలుగు అంతస్తుల సెల్లార్ అంటే 10 నుంచి 15 మీటర్ల లోతు. తవ్వి లారీల్లో తరలించేది సరిగ్గా నీళ్లు పట్టే మొరం పొరనే. గోడల నుంచి ఊరే నీటిని మోటార్లతో తోడి రాత్రింబవళ్లు నాలాలో వదులుతారు. పక్క కాలనీ బోర్లు అదే సమయంలో ఎండుతుంటాయి. ఆ తర్వాత గొయ్యి చుట్టూ నీరు చొరని కాంక్రీటు గోడ లేస్తుంది. పైన స్లాబు మీద రెండడుగుల మట్టి పోసి పచ్చిక పరుస్తారు. బ్రోచర్‌లో కనిపించే ఆ విశాలమైన ఉద్యానానికి భూమితో సంబంధం లేదు. దానిమీద పడిన వాన పైపులోకి పోతుంది. పచ్చగా ఉండటం వేరు, నేలకు తగిలి ఉండటం వేరు. స్థలంలో కొంత భాగమైనా పైనుంచి కిందిదాకా తవ్వకుండా, సెల్లార్ లేకుండా వదిలితేనే అక్కడ ఇంకుడు గుంతకు అర్థం ఉంటుంది.

ఒక ఎకరం లెక్క

హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. గుణిస్తే ఎకరంపై ఏటా కురిసేది దాదాపు 32 లక్షల లీటర్లు.

200 గజాల ప్లాటులో నలుగురుండే సొంత ఇంటిని తీసుకుందాం. ఆ ప్లాటు మీద ఏటా 1.34 లక్షల లీటర్లు పడతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో చూస్తే ఆ కుటుంబానికి ఏడాదికి కావలసింది 1.97 లక్షల లీటర్లు. మిద్దె నీటిని సంపులో పట్టుకుని, మిగిలింది ఇంకిస్తే అవసరంలో సగం వరకు ఆకాశమే తీరుస్తుంది.

అదే ఎకరంలో వంద ఫ్లాట్లు లేపితే? నాలుగు వందలమందికి రోజుకు 54,000 లీటర్లు, ఏడాదికి దాదాపు 2 కోట్ల లీటర్లు. పడిన వానంతా పట్టినా ఆరో వంతే. పట్టకుండా బోర్ల మీదే బతికితే పరిస్థితి ఇంకా కష్టం. కుళ్లిన గ్రానైట్ నేలలో సహజంగా ఇంకేది వానలో సుమారు పదో వంతు, అంటే ఎకరానికి 3.2 లక్షల లీటర్లు. ఆ లెక్కన ఒక్క ఎకరంలోని వంద ఫ్లాట్లకు అరవై ఎకరాలకు పైగా నేల ఇంకించిన నీరు కావాలి. ఆ అరవై ఎకరాలు ఎవరివి? పక్క కాలనీలవి, ఊరి రైతులవి.

అందుకని అపార్ట్‌మెంట్లే వద్దని కాదు. జనం పెరిగినప్పుడు పైకి కట్టడం వల్ల ఊరు పొలాల మీదికి పాకడం తగ్గుతుంది, బస్సులు, పైపులు దగ్గరి దూరంలో సరిపోతాయి. కానీ అలా కట్టినప్పుడు వాడిన నీటిని మళ్లీ వాడటం తప్పనిసరి. 54,000 లీటర్లలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. మనిషికి కావలసిన 135 లీటర్లలో 45 లీటర్లు టాయిలెట్ ఫ్లష్‌కే పోతాయి. మురుగుశుద్ధి కేంద్రం (ఎస్‌టీపీ)లో శుద్ధిచేసిన నీటిని రెండో పైపు వేసి ఫ్లష్‌లకు ఇస్తే రోజుకు 18,000 లీటర్ల మంచినీరు మిగులుతుంది. ఆ రెండో పైపు గోడలు కట్టేటప్పుడు వేస్తే చిన్న ఖర్చు. ఇళ్లు నిండాక వేయాలంటే ప్రతి బాత్‌రూమూ పగలగొట్టాలి.

ఎస్‌టీపీ కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి ఆగకుండా అందాలి. కరెంటు బిల్లు మిగులుతుందని బ్లోయర్లు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే అవి చచ్చిపోయి, నీరు కంపు కొడుతుంది. అప్పుడు నివాసులు ఆ నీరు వద్దంటారు, అది నాలాలో కలుస్తుంది, నాలా చెరువులో కలుస్తుంది. ఇంకుడు గుంతల సంగతీ అంతే. కంకర, ఇసుక పొరల మీద పేరుకున్న సన్నమట్టిని ఏటా మృగశిర కార్తె లోపు తీయకపోతే రెండు మూడేళ్లలో గుంత పూడుకుపోతుంది. కాలనీ సంక్షేమ సంఘం బడ్జెట్‌లో లిఫ్టుకు, సెక్యూరిటీకి ఉన్నట్టే దీనికీ ఒక పద్దు ఉండాలి.

కుండపోత రోజు సంగతి కూడా ఈ ఎకరంతోనే చూడవచ్చు. 32 సెంటీమీటర్ల వానంటే ఎకరానికి 13 లక్షల లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు 130. చెట్లు, గడ్డి ఉన్న మట్టినేల అందులో కొంత తాగి, మిగతాది మెల్లగా వదులుతుంది. సిమెంటు రోడ్లు, స్లాబులు దాదాపు అంతా గంటల్లోనే కిందికి తోసేస్తాయి. ఎగువ వెంచర్ తన వాకిలి పొడిగా ఉంచుకోవడానికి చేసిన ఏర్పాటు దిగువ బస్తీకి వరదగా అందుతుంది. పార్కింగ్‌లో, నడక దారుల్లో సిమెంటు పోయకుండా, షాబాద్ బండల మధ్య సందులు వదిలి గడ్డి పెంచితే ఖర్చూ తక్కువ, నీరూ ఇంకుతుంది.

గుట్ట, మట్టి, చెట్టు

వెంచర్ పనుల్లో మొదట దిగేది జేసీబీ. సగం రోజులో అది గీరేసే పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పట్టింది. ఆ జానెడు మందంలోనే విత్తనాలు, వానపాములు, సూక్ష్మజీవులు, నీటిని పట్టే గుల్లతనం ఉంటాయి. దాన్ని విడిగా ఓ పక్కన కుప్పపోసి, నిర్మాణం అయ్యాక తోటల్లో పరచడం కష్టమైన పని కాదు. గ్రీన్ రేటింగ్ సంస్థలు అడిగేవాటిలో ఇది ఒకటి. లేకపోతే మొరం మీద మొక్కలు నాటి, చెరువుమట్టి కొని తెచ్చి, ట్యాంకర్ నీళ్లు పోసి బతికించాలి.

గుట్టలూ అంతే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే హైదరాబాద్ బండరాళ్ల మీద పడిన వాన వాటి మొదట్లోని మట్టి జేబుల్లోకి జారి ఇంకుతుంది. అక్కడే సీతాఫలం, వేప, మోదుగ మొలుస్తాయి, బల్లులు, నెమళ్లు బతుకుతాయి. ఈ శిలలను కాపాడటానికి 1996 నుంచి నగరంలో సొసైటీ టు సేవ్ రాక్స్ పనిచేస్తోంది. బండను పేల్చి చదును చేయడానికి పెట్టే ఖర్చుతో దాని చుట్టూ రోడ్డు తిప్పి, లేఅవుట్ నిబంధన ప్రకారం ఎలాగూ వదలాల్సిన ఖాళీ జాగాను అక్కడ చూపించవచ్చు. చాలా లేఅవుట్లలో ఆ ఖాళీ జాగా ప్లాట్లు పోగా మిగిలిన మూలముక్క అవుతోంది. నీరు నిలిచే చోటు, చెట్లున్న చోటు, బండ ఉన్న చోటు చూసి దాన్ని ముందే కేటాయించాలి.

ఎండ, సిమెంటు

వేడి విషయంలోనూ తొలి నిర్ణయం వీధి గీతతోనే మొదలవుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ పూట ఎండంతా మిద్దెదే. ఉదయం తూర్పు గోడది, సాయంత్రం పడమటి గోడది. దక్షిణ కిటికీకి ఒక ఛజ్జా వేస్తే నీడ వస్తుంది. పడమటి ఎండ ఏటవాలుగా దూసుకొస్తుంది కాబట్టి ఛజ్జా ఆపలేదు, చెట్టో, జాలీయో, వరండాయో కావాలి. మనం ఈస్ట్ ఫేసింగ్, వెస్ట్ ఫేసింగ్ అని తలుపు దిక్కు చూస్తాం. పడకగది కిటికీ ఏ దిక్కున ఉందో అడగం.

2018లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇళ్ల గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడికి పరిమితి పెట్టింది. చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని దాని లెక్క. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని కొత్త ఇళ్లకు వేడిని తిప్పికొట్టే మిద్దె తప్పనిసరి అంది. చిన్న ఇళ్లకూ అది చేతికందే పనే. తెల్లటి పూత వేసిన మిద్దె ఎండలో అధికభాగాన్ని వెనక్కి పంపుతుంది, పై అంతస్తు వాళ్లకు ఆ తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. 2004లో మాదాపూర్‌లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ మిద్దె తోటలతో, జాలీ గోడలతో, వాడిన నీటిని బయటికి వదలని పద్ధతితో ఈ నగరంలోనే ఇవన్నీ సాధ్యమని చూపించింది.

సిమెంటు సంగతి వేరు. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఇది ఇంధనం పొగ కాదు, రాయిలోనే బిగిసి ఉన్న వాయువు. బట్టీని సోలార్‌తో నడిపినా ఇది ఆగదు. తగ్గించే దారి సిమెంటు తక్కువ వాడటం, ఫ్లైయాష్, స్లాగ్ కలిపిన సిమెంటు ఎంచుకోవడం, గట్టిగా ఉన్న పాత ఇంటిని కూల్చకుండా బాగుచేసుకోవడం. నాలుగు అంతస్తుల సెల్లార్ ఇక్కడ కూడా ముందుకొస్తుంది. మట్టి ఒత్తిడిని ఆపే మందపాటి గోడలకు ఎంతో కాంక్రీటు కావాలి. ఇంటికి రెండు కార్ల చొప్పున లోతు పెంచుకుంటూ పోతే నీటి పొర పోతుంది, గాలి కూడా వేడెక్కుతుంది.

అడగాల్సిన ప్రశ్నలు

మంచి లేఅవుట్ గీయడానికి ఒక వరస ఉంది. మొదట నీటి పటం: మిట్ట ఎక్కడ, పల్లం ఎక్కడ, వాగు ఎటు, ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా. తర్వాత తవ్వకూడని నేల: చెట్లు, బండలు, మొరం మందంగా ఉన్న జాగా. ఆ తర్వాత వాలును అనుసరించే రోడ్లు. చివరికి ప్లాట్లు. ఇవాళ ఎక్కువచోట్ల ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. ముందు ఎన్ని ప్లాట్లు వస్తాయో తేల్చి, మిగిలిన సందుల్లో రోడ్లు, ఆ రోడ్ల పక్కన కాలువలు ఇరికిస్తున్నారు.

దీన్ని మార్చే శక్తి అధికారుల దగ్గరెంత ఉందో, కొనేవాళ్ల దగ్గరా అంతే ఉంది. అడ్వాన్సు ఇచ్చే ముందు గ్రామ నక్షలో ఆ సర్వే నంబరు పక్కన చెరువు, కుంట, వాగు ఉన్నాయేమో చూడండి. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో అయితే ఎఫ్‌టీఎల్ పటాలు చూడవచ్చు. ఒకసారి జోరువాన రోజున వెళ్లి స్థలం చూడండి. సెల్లార్ లేని నేల ఎంత శాతమని, ఇంకుడు గుంతలు ఎక్కడని, ఫ్లష్‌లకు రెండో పైపు ఉందా అని, ఎస్‌టీపీని సంఘానికి అప్పగించాక నెలకు ఎంత ఖర్చవుతుందని అడగండి. జవాబులు కాగితం మీద తీసుకోండి.

బిల్డర్లు ఇవి పట్టించుకోరని అనుకోనక్కర్లేదు. మనవాళ్లు వాస్తు అడిగారు కాబట్టి తెలుగునాట ప్రతి బ్రోచర్ మొదటి పేజీలో వాస్తు ఉంది. ఈశాన్యం తగ్గిందంటే వంద ఫ్లాట్ల ప్లాను మార్చి మళ్లీ గీసినవాళ్లున్నారు. తలుపు దిక్కు కోసం పట్టుబట్టిన కుటుంబాలు వాననీటి దారి కోసం అంతే గట్టిగా పట్టుబడితే, అదే ప్లాను వాగును వదిలి, మొరాన్ని వదిలి మళ్లీ గీస్తారు.